పిల్లలతో హైదరాబాద్ శివార్లలో ఎక్కడుండాలి? ఏడాది తిరిగి చూసిన ఏరియాల రివ్యూ

నమస్తే అండీ, అందరూ బాగున్నారా. ఈ వీడియో ఊరికి తూర్పున మా పీర్జాదిగూడ ఇంటి డాబా మీద కూర్చుని చేస్తున్నా, వెనకాల పిల్లల గోల వినిపిస్తే ఏమనుకోకండి, సాయంత్రం ఐదున్నర అయింది, ఈ టైమ్‌కి మా సందులో పిల్లలందరూ బయటే ఉంటారు. చాలామంది అడుగుతున్నారు, కొండాపూర్ వదిలేసి ఇటు ఎందుకెళ్ళారు, వెస్ట్‌లోనే అన్నీ ఉన్నాయి కదా అని. నిజమే, ఉన్నాయి. అందుకే ముందు అటే వెతికాం. దాదాపు ఏడాది పాటు ప్రతి శనివారం, ఆదివారం బండేసుకుని తిరిగాం, ఆ తిరగడంలో మాకు తెలిసినవన్నీ ఇవాళ చెప్తా, కొంచెం పెద్ద వీడియోనే అవుతుంది.

ముందు మా పరిస్థితి చెప్పాలి, లేకపోతే మా లెక్క మీకు అర్థం కాదు. నా ఆఫీసు రాయదుర్గం, మా ఆయనది పోచారం. అంటే ఊరికి ఈ చివర ఒకరం, ఆ చివర ఒకరం. పాప మూడో క్లాసు, బాబుకి ఇంకా నాలుగేళ్ళు నిండలేదు, అత్తయ్య మాతోనే ఉంటారు. కొండాపూర్‌లో డబుల్ బెడ్రూమ్‌కి 32 వేలు అద్దె కట్టేవాళ్ళం, నాకు ఆఫీసు దగ్గర, ఆయనకి మాత్రం ఒకవైపే గంటన్నర పైన. సరే పెద్దవాళ్ళం, ఎలాగోలా తట్టుకుంటాం. కానీ పాప స్కూలు బస్సు పొద్దున 6:50కి వచ్చేది. చలికాలంలో చీకటి ఇంకా పూర్తిగా వదలదు, గేటు దగ్గర నలుగురైదుగురు పిల్లలు నిలబడి ఉంటారు, మా పాప నా చెయ్యి పట్టుకుని అలాగే తల ఆనించి నిద్రపోయేది, నిలబడే. చేతిలో సగం తిన్న బ్రెడ్డు ముక్క. బస్సు హారన్ కొడితే ఉలిక్కిపడి లేచి ఎక్కేది. స్కూలు ఎంత దూరమో తెలుసా, తొమ్మిది కిలోమీటర్లు. బస్సు సందుసందూ తిరిగి అందర్నీ ఎక్కించుకుని వెళ్ళేసరికి గంట దాటేది. అది ఒకరోజు చూసి మా అత్తయ్య అన్నారు, "మీ ఆఫీసులు చూసుకుని ఇల్లు తీసుకున్నారు, దాని బడి చూసుకుని ఎవరూ తీసుకోలేదు" అని. ఆ మాట నాకు బాగా తగిలింది. ఆ రోజు నుంచి మా వెతుకులాట తిరగబడింది. ముందు స్కూలు, దానికి పది పన్నెండు నిమిషాల్లో ఇల్లు, ఆ తర్వాతే మా ఆఫీసులు. ఉద్యోగం రెండు మూడేళ్ళకి మారుతుంది, ఆఫీసు ఇంకో బిల్డింగ్‌కి వెళ్ళిపోతుంది, స్కూలు పదేళ్ళు అక్కడే ఉంటుంది. మీరు ఏ ఏరియా అనుకున్నా సరే, ఈ వరస మాత్రం మార్చకండి అని నా రిక్వెస్ట్.

ఫస్ట్ చూసింది నల్లగండ్ల, తెల్లాపూర్. నాకు చాలా నచ్చిన ఏరియా అండీ, దాచుకోను. నల్లగండ్ల నుంచి లింగంపల్లి స్టేషన్ దగ్గర, ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఉంది, పక్కనే సెంట్రల్ యూనివర్సిటీ పచ్చదనం, స్కూళ్ళు బోలెడు. సాయంత్రం వాకింగ్‌కి వెళ్తే అందరూ మనలాంటి వాళ్ళే, చిన్న పిల్లలు, ఇద్దరూ ఉద్యోగాలు. రేట్లు మాత్రం మా చేతిలో లేవు. 2023లో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది కదా, ఆ ఒక్క ముక్క పట్టుకుని చుట్టుపక్కల ప్రతి సేల్స్ వాళ్ళూ మాట్లాడేది అదే, "మేడమ్ కోకాపేట చూశారుగా, ఇప్పుడు కొనకపోతే ఇంక కొనలేరు" అని. అలా తొందర పెడుతుంటే నాకు ఇంకా భయమేసేది.

తెల్లాపూర్ వైపే ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌లో అద్దెకి ఫ్లాట్ చూద్దామని వెళ్ళాం. క్లబ్ హౌస్, స్విమ్మింగ్ పూల్, అన్నీ చూపించారు. కిందికి వచ్చాక మా ఆయన ఫోన్ మాట్లాడుతుంటే నేను గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న వాచ్‌మన్‌తో మాట కలిపా. ఆయన పక్కన బల్ల మీద ఒక నోట్‌బుక్, లాంగ్ సైజుది, అట్ట చినిగి ప్లాస్టిక్ కవర్ తొడిగి ఉంది. ఏంటన్నా అది అంటే, "ట్యాంకర్ల బుక్కు మేడమ్, ఎన్ని బండ్లొస్తే అన్ని రాస్తం" అన్నాడు. చూడొచ్చా అంటే ఇచ్చాడు. నేను వెళ్ళింది జనవరిలో, జనవరి పేజీలో రోజుకి నాలుగైదు గీతలు. వెనక్కి తిప్పా, ముందు ఏడాది ఏప్రిల్, మే. ఒక్కో తేదీ పక్కన గీతలు పెట్టడానికి చోటు చాలక మార్జిన్‌లోకి వచ్చేశాయి, ఒక రోజైతే ఇరవై మూడు లెక్కపెట్టా. "ఎండకాలం రాత్రి రెండింటికి కూడ బండి వస్తది మేడమ్, మాకు నిద్ర ఉండది" అన్నాడు పాపం. బ్రోచర్‌లో లేనిది ఆ నోట్‌బుక్‌లో ఉంది. అప్పటినుంచి నేను ఏ అపార్ట్‌మెంట్‌కి వెళ్ళినా ఫ్లాట్ కంటే ముందు ట్యాంకర్ బుక్కు అడుగుతున్నా, లేదంటే మే నెల మెయింటెనెన్స్ బిల్లు అడుగుతున్నా. హైదరాబాద్‌కి కృష్ణా నీళ్ళు నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లకి పైగా పైపుల్లో వస్తాయి, గోదావరి నీళ్ళు ఎల్లంపల్లి నుంచి ఇంకా దూరం. అంత దూరం నుంచి వచ్చిన నీళ్ళు కొత్తగా లేచిన టవర్లన్నిటికీ సరిపడా అందడం కష్టం, బోర్లేమో ఎక్కడికక్కడ లోతుకి వెళ్ళిపోతున్నాయి. జలమండలి, అంటే వాటర్ బోర్డు, కనెక్షన్ ఉందా అని అడిగితే "ఉంది" అంటారు. వారానికి ఎన్ని రోజులు, ఎంతసేపు వదులుతారు అని అడగండి, అప్పుడు అసలు సంగతి బయటికి వస్తుంది.

తర్వాత నిజాంపేట, బాచుపల్లి. మధ్యతరగతి వాళ్ళకి అందుబాటులో రేట్లు, మియాపూర్ మెట్రో దగ్గర, కాలేజీలు స్కూళ్ళు ఎక్కడ చూసినా అవే, మన ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళు ఎక్కువ, మా అత్తయ్యకి అయితే అక్కడ అడుగుపెట్టగానే నచ్చేసింది, కూరగాయల బండి దగ్గరే ఇద్దరితో పరిచయం అయిపోయింది. ఒక ఇల్లు దాదాపు ఖాయం చేసుకున్నాం కూడా. సెల్లార్‌లో బండి పార్క్ చేస్తూ మా ఆయన చూశారు, నాలుగు గోడలకీ నడుం ఎత్తు వరకు ఒక రంగు, పైన ఇంకో రంగు. కింద పెయింట్ కొత్తది. దగ్గరికి వెళ్ళి చూస్తే మూలలో స్విచ్ బోర్డు కూడా పైకి జరిపి బిగించారు, పాత బోర్డు ఉన్న చోట సిమెంట్ పూసిన మచ్చ. ఎదురు కిరాణా షాపాయన్ని అడిగితే "వానొస్తే సెల్లార్ల నీళ్ళొస్తయ్ సార్, ఇదంత చెరువు కిందిదే" అన్నాడు. నిజాంపేట బండారి లేఅవుట్ 2016 సెప్టెంబర్ వానలకి ఎలా మునిగిందో టీవీల్లో అందరం చూశాం కదా, రోజుల తరబడి నీళ్ళలోనే ఉన్నారు జనం.

ఇక్కడ ఒక విషయం కొంచెం వివరంగా చెప్తా. మన దగ్గర చెరువులు విడివిడిగా ఉండవు, గొలుసుకట్టు. పై చెరువు నిండితే అలుగు దూకి నాలాలోంచి కింది చెరువుకి వెళ్తుంది. మధ్యలో ఆ దారి మీద ఇళ్ళు కట్టేస్తే నీళ్ళు వేరే దారి వెతుక్కుంటాయి, ఆ దారి మన సెల్లార్ అవుతుంది. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీతనే ఎఫ్‌టీఎల్ అంటారు. దాని బయట ఏమీ కట్టకుండా వదలాల్సిన స్థలం బఫర్ జోన్, పది హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకంటే పెద్ద చెరువైతే 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తీసేసే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఈ మాటలు అందరి నోటా వినిపిస్తున్నాయి, కానీ కొనేటప్పుడు చెక్ చేసేవాళ్ళు ఇంకా తక్కువే. హెచ్‌ఎండీఏ, అంటే హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ, వాళ్ళ చెరువుల వెబ్‌సైట్‌లో ఎఫ్‌టీఎల్ మ్యాపులు ఉన్నాయి, ఒక గంట కూర్చుంటే మీరే చూసుకోవచ్చు. దాంతోపాటు ఆ వీధిలో పదేళ్ళ నుంచి ఉంటున్న మనిషిని ఒకర్ని వెతికి అడగండి, ఇస్త్రీ ఆయన కావచ్చు, పాలాయన కావచ్చు. వాళ్ళు దాచరు.

కొంపల్లి కూడా చూశాం, ప్రశాంతంగా ఉంది, స్కూళ్ళు బాగున్నాయి, ఇండిపెండెంట్ ఇల్లు కావాలనుకునేవాళ్ళకి మంచిది, మెట్రో లేదు కాబట్టి మా ఇద్దరికీ కుదరలేదు. ఆదిబట్ల, తుర్కయంజాల్ అటు ఉద్యోగం ఉన్నవాళ్ళు తప్పకుండా చూడండి, మాకు రెండు ఆఫీసులూ దూరమే. నాగారం, దమ్మాయిగూడ వైపు మా చిన్నత్తగారు ఉంటారు, రేట్లు తక్కువ, రమ్మని ఎంతో ప్రేమగా పిలిచారు. పొద్దున వెళ్తే ఏమీ అనిపించలేదు. ఒకసారి వాన పడిన రాత్రి అక్కడే ఉండిపోయాం, అప్పుడు తెలిసింది జవహర్‌నగర్ డంపింగ్ యార్డ్ వాసన అంటే ఏంటో, కిటికీలన్నీ మూసేసినా బాబు దగ్గుతూనే ఉన్నాడు. ఎన్నో ఏళ్ళుగా అక్కడివాళ్ళు దీని మీద పోరాడుతున్నారు, వాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేసింది. ఏరియా ఏదైనా సరే, పగలు ఒకసారి, రాత్రి ఒకసారి, వాన పడ్డాక ఒకసారి వెళ్ళండి. మూడుసార్లు.

ఇక మేముంటున్న వైపు. ఉప్పల్, బోడుప్పల్, పీర్జాదిగూడ, ఇంకా ముందుకెళ్తే నారపల్లి, ఘట్‌కేసర్. మంచి కంటే ముందు చెడు చెప్తా. వరంగల్ హైవే మీద ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవర్ పని 2018లో మొదలైంది, మేము ఇల్లు వెతికేటప్పుడు కూడా ఆ పిల్లర్లు అలాగే నిలబడి ఉన్నాయి, కింద రోడ్డు గుంతలు, దుమ్ము. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర సాయంత్రం ట్రాఫిక్ గురించి చెప్పక్కర్లేదు. వానల విషయంలోనూ ఇది సేఫ్ జోన్ అని నేను అనను, 2020 అక్టోబర్ 13న కురిసిన వాన ఘట్‌కేసర్ దగ్గర 30 సెంటీమీటర్లు దాటింది, చాలా కాలనీలు మునిగాయి. అందుకే మేము ఏరియా మొత్తం చూడలేదు, వీధి చూశాం. మా సందు మెయిన్ రోడ్డు కంటే ఎత్తులో ఉంది, 2020లో సందు మొదట్లో మోకాళ్ళ దాకా నీళ్ళొచ్చాయి, మా ఇంటి దాకా రాలేదు అని పక్కింటి ఆంటీ, ఎదురింటి అంకుల్ ఇద్దరూ విడివిడిగా అదే చెప్పారు.

మంచి ఏంటంటే, పాప స్కూలు ఎనిమిది నిమిషాల నడక. అత్తయ్యే తీసుకెళ్తారు, బాబు కూడా వెనకాలే వెళ్తాడు బై చెప్పడానికి. పాప ఇప్పుడు ఏడింటికి లేస్తుంది, కూర్చుని ఇడ్లీ తింటుంది. మా ఆయనకి ఆఫీసు పది కిలోమీటర్లే. నాకు దూరం అయింది, అది ఒప్పుకోవాలి. బండి మీద ఉప్పల్ మెట్రో స్టేషన్, అక్కడినుంచి బ్లూ లైన్‌లో నేరుగా రాయదుర్గం, ఎక్కడా మారక్కర్లేదు, యాభై నిమిషాలు. ఇంటి నుంచి ఆఫీసు సీటు దాకా గంటా ఇరవై. అమీర్‌పేట్ దాటాక సీటు దొరుకుతుంది, అంతవరకు నిలబడటమే. అలసిపోతున్నానా అంటే అవును, ముఖ్యంగా గురువారం, శుక్రవారం. కానీ ఇంటికొచ్చేసరికి పాప హోంవర్క్ అయిపోయి, ఆడుకుని, చెమటలు కారుతూ సందు చివర నా కోసం చూస్తుంటుంది. కొండాపూర్‌లో అది సోఫాలో నిద్రపోతూ ఉండేది. అద్దె ఇక్కడ 16 వేలు. అత్తయ్యకి గుడి దగ్గర, సాయంత్రం అరుగు మీద కూర్చుని మాట్లాడుకునే నలుగురు దొరికారు, ఇంట్లో పెద్దవాళ్ళున్నవాళ్ళు ఈ విషయం చిన్నగా తీసుకోకండి, కొండాపూర్ గేటెడ్ కమ్యూనిటీలో ఆమె రోజంతా టీవీ ముందే ఉండేవారు. మంచి హాస్పిటల్ మాత్రం కొంచెం దూరమే, రాత్రిపూట పిల్లలకి జ్వరమొస్తే ఎక్కడికెళ్ళాలో ముందే బండి మీద ఒకసారి వెళ్ళి చూసి పెట్టుకున్నాం.

కొన్నారా అని అడుగుతారు. కొనలేదు, అద్దెకే ఉన్నాం. ఇంతకుముందు ఒక బిల్డర్ దగ్గర టోకెన్ అడ్వాన్స్ ఇచ్చి చాలా ఇబ్బంది పడ్డాం. ఫ్లాట్ 1,450 చదరపు అడుగులు అన్నారు, టేప్ పెట్టి లోపల కొలిస్తే వెయ్యి చిల్లర వచ్చింది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చే నెల అన్నారు, ఆ వచ్చే నెల ఆరు నెలలైనా రాలేదు. ఆ సర్టిఫికెట్ (ఓసీ) వచ్చిన ఫ్లాట్‌కి జీఎస్టీ ఉండదు, ఇంకా కట్టుబడిలో ఉన్నదానికైతే మామూలుగా 5 శాతం, దానిపైన రిజిస్ట్రేషన్‌కి మొత్తం 7.5 శాతం, ఇవన్నీ కలిపి లెక్క వేసుకోకుండా మేము లోన్‌కి వెళ్ళాం, అది మా తప్పే. ఎనిమిది కంటే ఎక్కువ ఫ్లాట్లున్నా, స్థలం 500 చదరపు మీటర్లు దాటినా రెరా, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ, దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి, రిజిస్టర్ చేసిన అగ్రిమెంట్ లేకుండా 10 శాతం కంటే ఎక్కువ తీసుకోకూడదు. మా అడ్వాన్స్ వెనక్కి రావడానికి నాలుగు నెలలు పట్టింది, ఆ నాలుగు నెలలు ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు. అందుకే ఈసారి ఇద్దరం అనుకున్నాం, ఒక ఎండాకాలం, ఒక వానాకాలం అదే వీధిలో అద్దెకి ఉండి చూశాకే కొనాలి అని.

ఏప్రిల్ చివర్లో దిగాం. మే నెలలో మా బిల్డింగ్‌కి వారానికి రెండు ట్యాంకర్లు వచ్చాయి, పది ఫ్లాట్లకి. డేట్లన్నీ క్యాలెండర్ మీద నేనే రాసిపెట్టా. ఓనర్ గారు పైఫ్లాట్ అమ్ముతున్నారు, తీసుకోండమ్మా అని రెండుసార్లు అడిగారు, అక్టోబర్ వానలు పోయాక మాట్లాడుకుందాం అంకుల్ అని చెప్పా. ఈ వానల్లో సందు మొదట్లో నీళ్ళు ఎంత ఎత్తు వస్తాయో కరెంట్ స్తంభం మీద సున్నంతో గీతలు గీసి పెట్టారు మా ఆయన, అది నవంబర్‌లో మీకు చూపిస్తా. మీ ఏరియాలో మే నెలలో ఎన్ని ట్యాంకర్లు వచ్చాయో, ఎన్ని ఫ్లాట్లకో కింద రాయండి, ఏరియా పేరు కాదు, వీధి పేరుతో రాయండి, వెతుక్కునేవాళ్ళకి పనికొస్తుంది. ఉంటానండీ, కింద పాప పిలుస్తోంది.