పలకల కింద సంగతి: తోటలో మొదటి చెక్క డెక్

వ్యాఖ్యాత: నమస్కారం. ఇంటి వెనుక తోటలో తన చేతులతో మొదటిసారి చెక్క డెక్ కట్టుకున్న మిత్రులొకరు ఈ రోజు మనతో ఉన్నారు. నేలకు కాస్త ఎత్తులో గుంజల మీద నిలిపిన చెక్క అరుగునే డెక్ అంటున్నాం. పని ఎక్కడ మొదలుపెట్టారండీ?

అతిథి: మొదలుపెట్టకూడని చోటనే మొదలుపెట్టానండీ. పైన పరిచే పలకల రంగు, నునుపు చూసుకుంటూ రెండు వారాలు గడిపాను గాని, వాటిని మోసే చట్రం గురించి ఆలోచించనేలేదు. డెక్ ఎన్నాళ్లు మన్నుతుందో తేలేది పలకల కిందనే.

వ్యాఖ్యాత: చట్రం మూలమట్టంగా కుదిరిందని ఎలా తెలుసుకున్నారు?

అతిథి: మూల నుంచి ఒక అంచు వెంట 3 మీటర్ల దగ్గర, రెండో అంచు వెంట 4 మీటర్ల దగ్గర గుర్తులు పెట్టి, వాటి మధ్య దూరం సరిగ్గా 5 మీటర్లు వస్తే ఆ మూల కుదిరినట్టే. చట్రం కూర్చాక కర్ణాలు రెండూ కొలిస్తే నాకు 4 సెంటీమీటర్ల తేడా వచ్చింది. పోనీలే అనుకుంటే చివరి పలకను ఐమూలగా కోయవలసి వచ్చేది కనుక, బిగించిన స్క్రూలన్నీ విప్పి మళ్లీ కూర్చాను.

వ్యాఖ్యాత: పలకలను కింద నుంచి మోసే వాసాల సంగతి?

అతిథి: నడిమి నుంచి నడిమికి 40 సెంటీమీటర్ల దూరంలో పెట్టాను. ఏ వాసమూ పూర్తిగా తిన్నగా ఉండదు. ఒక కన్ను మూసి అంచు వెంట చూసి, ఉబ్బు ఉన్న వైపును పైకి పెడితే బరువు పడ్డాక అది సర్దుకుంటుంది.

వ్యాఖ్యాత: వాన నీటికి కలప పాడవదా?

అతిథి: తడవడం వల్ల కాదండీ, తడిసింది ఆరకపోవడం వల్ల పాడవుతుంది. అందుకే పలకకూ పలకకూ మధ్య 5 మిల్లీమీటర్ల సందు వదిలాను, గుంజలను మట్టిలో పాతకుండా కాంక్రీటు దిమ్మెల మీద నిలిపాను. అయినా ఒకచోట దెబ్బ తిన్నాను. కుళ్లకుండా మందు పట్టించిన కలపలో ఆ మందు గుండె దాకా చేరదు. రంపంతో కోసిన చోట పచ్చి కలప బయటపడుతుంది, ఆ కొన నీటిని ఒత్తిలా పీల్చేస్తుంది. కోసిన ప్రతి కొనకూ మళ్లీ మందు పూయాలని తెలిసి కూడా, మెట్టు చాటున ఎవరికీ కనబడదు కదా అని ఒక్క కొన వదిలేశాను. రెండు వానాకాలాలు గడిచాక అక్కడ స్క్రూడ్రైవర్ మొన ఆనించి చూస్తే, నానిన అట్టలోకి దిగినట్టు దిగిపోయింది.

వ్యాఖ్యాత: అయ్యో! స్క్రూలు ఏవి వాడారు?

అతిథి: స్టెయిన్‌లెస్ స్టీలువి. కలపకు పట్టించే మందుల్లో చాలావాటిలో రాగి ఉంటుంది కాబట్టి మామూలు ఇనుప స్క్రూలు త్వరగా తుప్పుపట్టి పోతాయి. పలక కొనకు దగ్గరగా బిగించేటప్పుడు ముందు సన్నని రంధ్రం వేసుకోకపోతే పలక చీలుతుంది.

వ్యాఖ్యాత: పరిచిన వెంటనే నూనె పట్టించారా?

అతిథి: మనసు లాగింది గాని ఆగాను. మందు పట్టించిన పలకలు లోపల ఇంకా తడిగానే ఉంటాయి. నాలుగు నీటి చుక్కలు చల్లితే మొదట్లో అలాగే నిలిచి ఉండేవి. అవి ఇంకిపోవడం మొదలైన రోజునే బ్రష్షు చేతపట్టాను.