ఓడీ తరువాత మరొక ఏడాది

సభకు నమస్కారం. అమెరికాలో ఆప్టోమెట్రీ చదువుతున్న తెలుగు విద్యార్థులతో పాటు వారి తల్లిదండ్రులు కూడా ఇక్కడ ఉన్నారు కనుక, ఇళ్లలో వాదనకు వచ్చే ప్రశ్ననే ఎత్తుకుంటాను. కంటి పరీక్షల వృత్తి డిగ్రీ అయిన నాలుగేళ్ల ఓడీ (డాక్టర్ ఆఫ్ ఆప్టోమెట్రీ) పూర్తయి, మంచి జీతం అందబోయే వేళ, తక్కువ స్టైపెండుకు మరొక ఏడాది రెసిడెన్సీ అనే క్లినిక్ శిక్షణ ఎందుకు?

ఎం.డి. చదివినవారి రెసిడెన్సీ వేరు, ఇది వేరు. ఎన్‌బీఈఓ అనే జాతీయ ఆప్టోమెట్రీ పరీక్షల బోర్డు వారి మూడు భాగాల పరీక్షలు గట్టెక్కి, రాష్ట్ర లైసెన్సు పొందిన ఆప్టోమెట్రిస్టు సాధారణంగా నేరుగా ప్రాక్టీసు పెట్టుకోవచ్చు. రెసిడెన్సీ అతని ఇష్టం. అద్దాలు, కాంటాక్ట్ లెన్సులు ప్రధానంగా క్లినిక్ నడపదలచినవారిని నేను బలవంతపెట్టను. కళాశాలల్లో బోధించాలన్నా, ఆసుపత్రుల్లో కంటి జబ్బులు చూడాలన్నా మాత్రం నియామకాల్లో మొగ్గు రెసిడెన్సీ చేసినవారి వైపే ఉంటుంది.

ఆ మొగ్గుకు కారణం సర్టిఫికెట్ కాదు. విద్యార్థి దశలో రోగిని మీరు పరీక్షిస్తారు, నిర్ణయం మీ గురువు తీసుకుంటారు. రెసిడెన్సీలో నిర్ణయం ముందు మీరు చెప్పాలి, ఆ తరువాత దానికి సంజాయిషీ ఇవ్వాలి. కంటి పీడనం మామూలు కంటే కాస్త ఎక్కువగా 24 ఉంది, ఓసీటీ అనే కంటి లోపలి పొరల స్కాన్‌లో నరాల పొర ఒక వైపు పలుచగా కనిపిస్తోంది, దృష్టిక్షేత్ర పరీక్షలో రోగి అలసిపోయి బటన్ సరిగా నొక్కలేదు అనుకోండి. చుక్కల మందు ఇవాళే మొదలుపెట్టాలా, కార్నియా (కంటి ముందరి పారదర్శక పొర) మందం కొలిచి, పరీక్ష మళ్లీ చేయించి చూడాలా? దీనికి జవాబు పుస్తకంలో సగమే దొరుకుతుంది. కొన్ని నెలల తరువాత అదే రోగి మళ్లీ మీ ముందుకు వచ్చి కూర్చున్నప్పుడు, మీ నిర్ణయం ఏమైందో మీరే చూస్తారు; ఈ అవకాశం, ఒక క్లినిక్ నుంచి మరొక క్లినిక్‌కు మారిపోతూ ఉండే నాలుగో ఏడాది విద్యార్థికి అరుదుగా దక్కుతుంది. వీఏ అనే మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఈ శిక్షణకు పేరుంది. మధుమేహం, గ్లకోమా, మాక్యులా (రెటీనా మధ్యభాగం) క్షీణత ఒకే వృద్ధునిలో కలిసి కనిపించడం అక్కడ మామూలు సంగతి. పిల్లల దృష్టి, లో విజన్ (అద్దాలతో సరికాని చూపు లోపం), మెదడు దెబ్బల తరువాతి దృష్టి సమస్యలు, కార్నియా శంకువులా ఉబ్బే కెరటోకోనస్ వంటి వాటికి స్క్లెరల్ లెన్సులు (కంటి తెల్లభాగంపై ఆనే పెద్ద కాంటాక్ట్ లెన్సులు) అమర్చడం కోరుకునేవారికి వేరే రెసిడెన్సీలున్నాయి.

ఎంపిక ఎక్కువగా ఓఆర్‌మ్యాచ్ అనే, అభ్యర్థులనూ రెసిడెన్సీలనూ జతపరిచే కార్యక్రమం ద్వారా జరుగుతుంది. ఇంటర్వ్యూల తరువాత మీరు సంస్థలకు, సంస్థలు మీకు వరుస సంఖ్యలు ఇస్తారు. ఫలితానికి ఇద్దరూ కట్టుబడాలి. "పెద్ద చోటు మనకు రాదులే" అని దాన్ని జాబితాలో కిందికి దించే అలవాటు మనవాళ్లలో చాలా ఉంది. అది అనవసరం. ఇటువంటి జతపరిచే లెక్కకు 1962లో గణితవేత్తలు గేల్, షాప్లీ పునాది వేశారు. షాప్లీకి, దాన్ని ఆచరణలోకి తెచ్చిన రోత్‌కు 2012లో ఆర్థిక శాస్త్ర నోబెల్ వచ్చింది ఈ కృషికే. ఆ పద్ధతిలో మీ మొదటి కోరిక నెరవేరకపోయినా, రెండవ చోట మీ అవకాశం అందువల్ల తగ్గదు. కాబట్టి నిజంగా కోరుకున్న వరుసలోనే రాయండి, ససేమిరా చేరనన్న చోటు పేరు రాయకండి.

హైదరాబాదులోనో మరెక్కడో బి.ఆప్టమ్ (ఆప్టోమెట్రీ బ్యాచిలర్ డిగ్రీ) చేసి వచ్చినవారికి నేరుగా దారి లేదు. ఇక్కడ ముందుగా ఓడీ పొందాలి. విదేశీ ఆప్టోమెట్రిస్టుల కోసం కొన్ని కళాశాలలు తక్కువ కాలంలో ముగిసే మార్గం నడుపుతున్నాయి. ఎఫ్-1 విద్యార్థి వీసాపై ఉన్నవారు మరొక లెక్క వేసుకోవాలి: చదువు తరువాత పని చేసేందుకు అనుమతించే ఓపీటీ ఏడాది మొత్తం రెసిడెన్సీకే సరిపోవచ్చు, వీఏ నియామకాల్లో పౌరసత్వ నిబంధన అడ్డు రావచ్చు. దరఖాస్తు రుసుము కట్టకముందే ఈ రెండూ అడిగి తెలుసుకోండి. ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు, అధ్యాపకులు లేని సమయం చూసి, ప్రస్తుత రెసిడెంటును రోజుకు ఎందరిని చూస్తారని, తన నిర్ణయాన్ని ఎవరు ప్రశ్నిస్తారని అడగండి.