కాగితం ఎవరిది? రాష్ట్ర ఉత్పత్తిలో ముద్రణ వాటా లెక్కపై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. రాష్ట్ర ఉత్పత్తిలో ముద్రణ రంగం వాటా ఎంతంటే, ప్రెస్సుల టర్నోవర్లన్నీ కూడి ఒక అంకె చెప్పేస్తుంటారు. ఆ లెక్క ఎందుకు నిలవదో తేల్చుకుందాం. జాతీయ ఆదాయ లెక్కల నిపుణురాలు, ప్రెస్సుల కాస్టింగ్, అంటే ఖర్చుల లెక్క చూసే నిపుణుడు స్టూడియోలో ఉన్నారు. మేడమ్, మీరు మొదలుపెట్టండి.

లెక్కల నిపుణురాలు: టర్నోవర్లో కాగితం ధర కూడా కలిసి ఉంటుందండీ. మిల్లు లెక్కలో ఒకసారి పడిన విలువ ప్రెస్సు లెక్కలో మళ్లీ పడుతుంది. మనకు కావాల్సింది జీవీఏ, స్థూల అదనపు విలువ. చేసిన పని విలువలోంచి, ఆ పని కోసం బయట కొన్నవి తీసేస్తే మిగిలేది.

కాస్టింగ్ నిపుణుడు: ఒక ఆఫ్‌సెట్ జాబ్ చూద్దాం. బిల్లు 100 అనుకోండి. కాగితం 55, ఇంకులూ ప్లేట్లూ 8, కరెంటు 3, బయట చేయించిన లామినేషన్ 4. ఈ 70 పోతే జీవీఏ 30. జీతాలు, మెషిన్ తరుగుదల, అప్పు మీద వడ్డీ, యజమాని లాభం అన్నీ ఆ 30లోంచే. ఇప్పుడు అదే జాబ్‌కి పార్టీయే, అంటే పని ఇచ్చిన కస్టమరే కాగితం తెచ్చిచ్చాడు. బిల్లు 45, ఖర్చులు 15, జీవీఏ మళ్లీ 30. మెషిన్ మీద నడిచిన షీట్లు అవే కదా.

వ్యాఖ్యాత: కానీ బిల్లులో జీవీఏ శాతం 30 నుంచి దాదాపు 67కి లేచింది.

లెక్కల నిపుణురాలు: గొడవంతా అక్కడే. సొంత కాగితంతో పనిచేసే ప్రెస్సుల్లో దొరికిన 30 శాతాన్ని తీసుకెళ్లి పార్టీ కాగితం మీద పనిచేసే జాబ్‌వర్క్ ప్రెస్సు బిల్లు 45 మీద వేస్తే 13.5 వస్తుంది. సగానికి పైగా మాయం. అందుకే సర్వే ఫారంలో పార్టీ కాగితం మీద చేసిన పనికి వేరే గడి ఉండాలి. ఐక్యరాజ్యసమితి 2008 నాటి జాతీయ ఖాతాల పద్ధతి కూడా ఇదే చెబుతుంది: సరుకు యాజమాన్యం మారకపోతే ప్రాసెసింగ్ చేసినవాడి ఉత్పత్తిలో అతని చార్జీ మాత్రమే పడుతుంది.

కాస్టింగ్ నిపుణుడు: డిజిటల్ ప్రెస్సుల్లో ఇంకో చిక్కుంది. మెషిన్ కంపెనీకి పేజీకింతని కట్టే క్లిక్ చార్జీలో టోనర్, సర్వీసు కలిసిపోతాయి, అదంతా బయటి ఖర్చే. ఆఫ్‌సెట్ యూనిట్ సొంత మెకానిక్‌ని పెట్టుకుంటే ఆ జీతం జీవీఏలోనే ఉంటుంది. రిపేరు పని ఒకటే అయినా లెక్కలో చోటు మారింది. రెండింటికీ ఒకే నిష్పత్తి వాడకూడదు.

వ్యాఖ్యాత: అసలు ముద్రణ కింద ఏవేవి వస్తాయి?

లెక్కల నిపుణురాలు: అంతర్జాతీయ వర్గీకరణ ఐఎస్‌ఐసీ నాలుగో సవరణలో 18వ డివిజన్. 1811 ముద్రణ, 1812లో ప్రీప్రెస్ (అచ్చుకు ముందు చేసే ప్లేట్ల తయారీ వంటి పనులు), బైండింగ్ లాంటివి. అట్టపెట్టెల తయారీ 1702లోకి, జిరాక్స్ సెంటర్లు 8219లోకి పోతాయి. మూడో సవరణలో ప్రచురణ, ముద్రణ రెండూ 22వ డివిజన్లోనే ఉండేవి. తర్వాత ప్రచురణను 58కి మార్చారు. పాత సిరీస్‌కి కొత్తదాన్ని అలాగే అతికిస్తే ముద్రణ రంగం ఒక్క ఏడాదిలో కుప్పకూలినట్టు కనిపిస్తుంది!

వ్యాఖ్యాత: ధరలు పెరిగిన ఏడాది వృద్ధిని ఎలా చూడాలి?

కాస్టింగ్ నిపుణుడు: కాగితం 20 శాతం పెరిగిందనుకోండి. 55 కాస్తా 66 అయింది. ఆ 11 పార్టీ మీద వేస్తే బిల్లు 111, చేతిలో మిగిలేది అదే 30.

లెక్కల నిపుణురాలు: ఆ 30ని ముద్రణ ధరల సూచీ 1.11తో భాగిస్తే 27 వస్తుంది. పది శాతం పడిపోయిందని రిపోర్టు రాసేస్తారు, ఒక్క షీటు తగ్గకుండానే. బిల్లును ముద్రణ సూచీతో, కాగితాన్ని కాగితం సూచీతో విడిగా తగ్గించి అప్పుడు తేడా తీయాలి. 100లోంచి 70 పోతే మళ్లీ 30. ఇంకోటి, పాత ధరకు కొన్న స్టాకు మీద ధర పెరిగి వచ్చిన లాభం ఉత్పత్తి కాదు. పుస్తకాల్లో లాభంగా కనిపించినా జీవీఏలోంచి తీసేయాలి.

వ్యాఖ్యాత: మరి ముద్రణ సంఘాల నివేదికల్లో, కాగితం లాంటి ఇతర రంగాల మీద పడే ప్రభావాన్నీ కలిపే గుణకం వేసి రెట్టింపు చూపిస్తారే?

లెక్కల నిపుణురాలు: పరోక్ష ప్రభావం చూపడం తప్పు కాదు, దాన్ని వాటా అనడమే తప్పు. ప్రతి రంగమూ తన గుణకం కలుపుకుంటూ పోతే అన్నీ కూడినప్పుడు రాష్ట్ర ఉత్పత్తినే దాటిపోతాయి. పైగా మిల్లు వేరే రాష్ట్రంలో ఉంటే, ఆ 55లో రవాణా, డీలరు మార్జిన్ తప్ప ఇక్కడ మిగిలేది లేదు. దేశం మొత్తానికి కట్టిన గుణకాన్ని రాష్ట్రానికి అలాగే వాడితే అంకె ఉబ్బిపోతుంది.

కాస్టింగ్ నిపుణుడు: హెడ్డాఫీసు ఒకచోట, ప్రెస్సు మరోచోట ఉన్న కంపెనీలదీ అదే తంటా. బిల్లు ఎక్కడ కొట్టారన్నది కాదు, మెషిన్ ఎక్కడ తిరిగిందన్నది చూడాలి. యూనిట్‌వారీ లెక్క దొరక్కపోతే జీతాల నిష్పత్తిలో పంచడం నయం. మనుషుల తల లెక్కన పంచితే రీలు కాగితం మీద, తక్కువ మందితో నడిచే పెద్ద వెబ్ మెషిన్ ఉన్న యూనిట్‌కి అన్యాయం జరుగుతుంది.