డెంగ్యూ చేతిలో కత్తెర

అందరికీ నమస్కారం. మారతహళ్ళిలో వానలు మొదలయ్యాయంటే మన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోకి ఎవరో ఒకరి ల్యాబ్ రిపోర్టు వస్తుంది: ‘ఎన్ఎస్1 పాజిటివ్’. పోయిన వానల్లో మా పాపదే వచ్చింది. ప్లేట్‌లెట్ల లెక్క చూసి టెన్షన్ పడతాం గానీ, ఆ ఎన్ఎస్1 ఏమిటని అడగం. అది డెంగ్యూ వైరస్ ప్రోటీన్. దాని తోబుట్టువు ఎన్ఎస్3 గురించి చెబుదామని వచ్చాను.

ఈ వైరస్‌కి ఉన్నవి పది ప్రోటీన్లు. వాటిని విడివిడిగా కాకుండా, దాదాపు 3,400 అమైనో ఆమ్లాల ఒకే పొడవాటి దండగా మన కణం చేత కట్టించుకుంటుంది. పూలమ్మే ఆవిడ మూర కొలిచి తెంపినట్టు ఆ దండని తెంపాలి. కొన్నిచోట్ల మన ఎంజైములే తెంపిపెడతాయి. మిగతా చోట్ల ఎన్ఎస్2బి తోడుగా ఎన్ఎస్3 కత్తిరిస్తుంది.

అదే కత్తెర మన కాపలా మీద కూడా పడుతుంది. యాంటీబాడీలు తయారవడానికి రోజులు పడుతుంది. అంతవరకూ కాచేది పుట్టుకతో వచ్చిన రక్షణ. డీఎన్ఏ ఉండకూడని చోట కనబడితే సీగ్యాస్ అనే ఎంజైము పసిగట్టి ఒక చిన్న అణువుని తయారుచేస్తుంది. అది స్టింగ్ అనే ప్రోటీన్‌ని తట్టి లేపుతుంది. దాంతో ఇంటర్‌ఫెరాన్ బయల్దేరి పక్క కణాలని హెచ్చరిస్తుంది.

డెంగ్యూ జన్యుపదార్థం ఆర్ఎన్ఏ కదా, డీఎన్ఏ అలారంతో దానికేం పని అంటారా? నేనూ మొదట అక్కడే ఆగిపోయాను. వైరస్ చొరబడిన కణంలో, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా దెబ్బతిని, వాటి డీఎన్ఏ బయటికి కారుతుంది. అలారం మోగేది దానికి! అందుకే ఎన్ఎస్3 వెళ్ళి స్టింగ్‌ని కోసేస్తుంది. 2012లో ఈ సంగతి బయటపడింది. ఎలుకల స్టింగ్‌లో ఆ చోట అమైనో ఆమ్లాల వరస వేరు, కత్తెరకి తెగదు. మామూలు ఎలుకల్లో డెంగ్యూ నిలవకపోవడానికి అదొక కారణం.

హెపటైటిస్ సి వైరస్ కత్తెరదీ ఇదే బుద్ధి. మైటోకాండ్రియా మీద కూర్చున్న మావ్స్ అనే కాపలా ప్రోటీన్‌ని కోస్తుందని 2005లో తెలిసింది. ఆ కత్తెరకి అడ్డుపడే టెలాప్రెవిర్, బోసెప్రెవిర్ 2011లో మందులుగా వచ్చాయి. డెంగ్యూకి అలాంటి మందు ఇంకా మన మెడికల్ షాపుకి రాలేదు.

పిల్లలూ, తెర దగ్గరికి రండి. ఇదే ఎన్ఎస్3. కోసే చోటు చూశారా, గుంటలా లేదు, పళ్ళెంలా ఉంది. మందు అణువు ఎక్కడ పట్టుకుని నిలబడాలి?