నీటి చార్జీల పెంపు: శాతం చూస్తే సరిపోదు

[తెరపై: నీటి బిల్లు. దాని పక్కన "సగటున 8 శాతం పెంపు ప్రతిపాదన" అన్న నోటీసు]

వ్యాఖ్యాత: చార్జీలు పెంచుతామని నీటి సరఫరా సంస్థ నోటీసు ఇస్తే అందరి కళ్లూ ముందు శాతం మీదే పడతాయి. మీ బిల్లు ఎంత పెరుగుతుందో మాత్రం ఆ అంకె చెప్పదు.

చాలా బిల్లుల్లో రెండు పద్దులుంటాయి. కొళాయి తిప్పినా తిప్పకపోయినా కట్టాల్సింది ఫిక్స్‌డ్ చార్జీ. మీటరు తిరిగినదాన్ని బట్టి పడేది వాడకం చార్జీ. పెంపు ఏ పద్దులో పెట్టారన్నదే అసలు సంగతి.

[తెరపై: రెండు ఇళ్లు. ఒకదాని బిల్లు 100, రెండోదాని బిల్లు 380]

లెక్క కోసం రెండిళ్లు అనుకుందాం. ఇద్దరికీ ఫిక్స్‌డ్ చార్జీ 40. ఒంటరిగా ఉండే పెద్దావిడ వాడకం 60, తోట ఉన్న ఇంటి వాడకం 340. సంస్థకు ఇంకో 40 కావాలి. ఫిక్స్‌డ్ చార్జీని చెరో 20 పెంచితే ఆవిడ బిల్లు 20 శాతం పెరుగుతుంది, తోట ఇంటిది 5 శాతం పైచిలుకు. అదే వాడకం రేటును 10 శాతం పెంచితే ఆవిడకు పెరిగేది 6, తోట ఇంటికి 34. రెండు దారుల్లోనూ సంస్థకు వచ్చేది అదే 40. నోటీసులో కనబడే సగటూ అదే 8 శాతం!

[తెరపై: పంపులు, శుద్ధి కేంద్రం, భూమిలో పైపులు]

మరి సంస్థలు ఫిక్స్‌డ్ చార్జీ వైపు ఎందుకు మొగ్గుతాయి? పైపులు, అప్పుల వాయిదాలు, జీతాలు... మనం ఎంత వాడినా ఈ ఖర్చులు మారవు. వాడకాన్ని బట్టి మారేవి ముఖ్యంగా కరెంటు, క్లోరిన్ లాంటివే. వెయ్యి లీటర్ల నీళ్లంటే టన్ను బరువు. దాన్ని గుట్టల మీది ట్యాంకులకు ఎక్కించాలంటే కరెంటు బాగానే కాలుతుంది. అయినా జనం పొదుపు చేసినప్పుడు రాబడి తగ్గినంతగా ఖర్చు తగ్గదు. "పొదుపు చేసినందుకు శిక్షా?" అని ఒళ్లు మండటం సహజమే కానీ, ఆ లెక్కలో మోసం లేదు.

స్లాబుల సంగతీ చూడాలి. ఎక్కువ వాడితే ఎక్కువ రేటు అన్నది వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఒకే మీటరు మీద మూడు కుటుంబాలుంటే, తలా కొంచెమే వాడినా అందరూ కలిసి పై స్లాబులో పడతారు.

[తెరపై: పగిలిన పైపు]

నన్నడిగితే, బహిరంగ విచారణలో మొదట అడగాల్సింది లీకుల గురించి. శుద్ధి చేసి వదిలిన నీళ్లలో బిల్లు పడనివి ఎంత? లీకులు, దొంగ కనెక్షన్లు, ఆగిపోయిన మీటర్లు అన్నీ అందులోకే వస్తాయి. కొత్తగా వచ్చే డబ్బుతో ఏ పైపులు మారుస్తారో, ఎప్పటికి మారుస్తారో కాగితం మీద చూపించమనండి.

[తెరపై: పాత బిల్లులు, కాలిక్యులేటర్]

అభ్యంతరాలకు గడువు నోటీసులోనే ఉంటుంది. ఈలోగా పాత బిల్లులు తీసి, మీ ఏడాది వాడకానికి కొత్త రేట్లు వేసి చూడండి. ఫిక్స్‌డ్ చార్జీ కలపడం మర్చిపోకండి. వచ్చిన అంకెను అభ్యంతరం పత్రంలో మొదటి వాక్యంగా రాయండి.