కొండపల్లి బొమ్మకు తగ్గ పెట్టె

శ్రోతలకు నమస్కారం.

చేతితో చేసిన వస్తువు అమ్మేవాళ్లు గానీ, కొనేవాళ్లు గానీ అంతగా పట్టించుకోని సంగతి ఒకటుంది. ప్యాకింగ్. ఈ కాసేపూ దాని గురించే మాట్లాడుకుందాం.

ఇది మనకు కొత్త విద్యేమీ కాదు. మల్లెపూలు అరటాకులో చుట్టి అరటినారతో ముడేసి ఇస్తే, ఇంటికొచ్చేదాకా వాడేవి కావు. కిరాణా కొట్లో కందిపప్పు కాగితంలో పోసి, నాలుగు మడతలు పెట్టి, పైన వేలాడే దారపుండలోంచి దారం లాగి రెండు చుట్లు చుట్టి పుటుక్కున తెంపేవారు. ఆ పొట్లంలోంచి ఒక్క గింజ రాలేది కాదు. ఏ సరుకుకు ఏం కావాలో తెలిసిన చేతులవి. ఇప్పుడు అన్నిటికీ ఒకటే అట్టపెట్టె, ఒకటే బబుల్ ర్యాప్.

నేను ఎక్కువ వాటి జోలికి పోను. ఒక్క బొమ్మ సంగతి చెబుతాను. కొండపల్లి అంబారీ ఏనుగు.

విజయవాడకు దగ్గర్లోనే ఉంది కొండపల్లి. అక్కడి బొమ్మలకు వాడేది తెల్లపొణికి చెక్క. తేలిక, మెత్తన. ముందు సన్నటి సెగ మీద చెక్కలో తేమ పోయేదాకా ఆరబెడతారు. తర్వాత విడిభాగాలు వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో అతికిస్తారు. దాన్ని మక్కు అంటారు. ఆపైన సున్నం పూత, దానిమీద రంగులు. మావటివాడి మీసం గీసే చేతిని దగ్గర నుంచి చూడాలండీ, ఊపిరి బిగబట్టి చూస్తాం.

ఇప్పుడు ఆలోచించండి. ఈ బొమ్మ ఎక్కడ విరుగుతుంది? ఏనుగు పొట్ట దగ్గర విరగదు. అతికిన చోట విరుగుతుంది. సన్నగా బయటికి పొడుచుకొచ్చిన చోట విరుగుతుంది.

ఒకసారి ఒక కొట్లో ఈ ఏనుగునే కొని, హైదరాబాద్‌లో ఉన్న స్నేహితురాలికి అక్కడినుంచే కొరియర్ చేయించాను. వాళ్లు బబుల్ ర్యాప్ మూడు నాలుగు వరసలు బిగించి చుట్టారు, టేపు మీద టేపు వేశారు. ఆవిడ విప్పి చూస్తే ఏనుగుకు చీమ కుట్టినంత దెబ్బ లేదు. మావటివాడి చెయ్యి మాత్రం ఊడిపోయింది. కారణం ఆ బిగింపే. చుట్టూ బిగించి కట్టినప్పుడు ఒత్తిడంతా ముందుకు పొడుచుకొచ్చిన భాగం మీదే పడుతుంది. ఆ చెయ్యి చెక్కిన మనిషి కష్టం తలుచుకుంటే నాకు చాలా బాధనిపించింది.

అందుకని బొమ్మను బలమున్న చోట పట్టుకోవాలి, సన్నగా ఉన్న చోట వదిలెయ్యాలి. ఏనుగు కాళ్లూ పొట్టా కదలకుండా కూర్చునేలా అట్టముక్కను ఆ ఆకారంలో కోసి అమర్చాలి. తొండం చుట్టూ, మావటి చుట్టూ ఖాళీ ఉండాలి. అవును, ఖాళీయే. మూత పెట్టాక పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడండి. లోపల చప్పుడు రాకూడదు.

అన్ని బొమ్మలకూ ఇదే పద్ధతి కుదరదు. ఏటికొప్పాక లక్కపిడతలు అంకుడు చెక్కను తిప్పుతూ గుండ్రంగా తీసినవి. వాటికి విరుగుతాయన్న టెన్షన్ తక్కువ. కానీ ఒకదానికొకటి రాసుకుంటే లక్క మెరుపు మీద గీతలు పడతాయి. వాటికి ఒక్కొక్కదానికీ మెత్తటి గుడ్డసంచి చాలు.

ఇంకో మాట. నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. కొండపల్లి బొమ్మ చాలా ఇళ్లలో ఏడాదికోసారి బయటికొస్తుంది, సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువులో. మిగతా రోజులన్నీ పెట్టెలోనే, అటక మీదే. అమెరికా వెళ్లే కూతురి సూట్‌కేసులోకి కూడా ఆ పెట్టెతోనే ఎక్కుతుంది. అంటే ఆ పెట్టె కొరియర్ ప్రయాణంతో అయిపోయేది కాదు. ఏళ్ల తరబడి తీస్తూ పెడుతూ ఉండేది. అందుకే చింపితే తప్ప తెరుచుకోని టేపులు వద్దు. తాడుతోనో, గుడ్డపేలికతోనో కట్టే మూత పెట్టండి.

దశావతారాల సెట్టు అమ్ముతున్నారనుకోండి. పెట్టెలో పది గదులు చెయ్యండి. ఒక్కో గది అడుగున పేరు రాయండి, మత్స్యం దగ్గర మొదలుపెట్టి కల్కి దాకా. కొలువు ఎత్తేసిన రోజున ఇంట్లో చిన్నపిల్ల కూడా ఎవర్నీ అడగకుండా ఎవరి గదిలో వాళ్లను పడుకోబెట్టగలగాలి. మూత లోపలివైపు ఒక చీటీ అతికించండి. బొమ్మ ఏ ఊళ్లో చేశారో, ఏ చెక్కో, చేసినవాళ్ల పేరేమిటో రాయండి. తడిగుడ్డతో తుడవొద్దని, పొడిగుడ్డ వాడమని, తేమ లేనిచోట దాచమని కూడా రాయండి. విడి చీటీ అయితే పారేస్తారు. మూతకే అతికించండి, పెద్ద అక్షరాలతో రాయండి. పెట్టె సర్దే నానమ్మ కళ్లజోడు వెతుక్కోకుండా చదువుకునేలా ఉండాలి.

నమస్కారం.