గల్లీలోకి పోలీసు: పాతబస్తీ పదేళ్ల అనుభవంపై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. హైదరాబాద్ పాతబస్తీలో పోలీసులకూ జనానికీ మధ్య సంబంధం ఈ పదేళ్లలో ఎంత మారిందో ఈరోజు మాట్లాడుకుందాం. పాతబస్తీలో పనిచేసి రిటైరైన పోలీసు అధికారి, హైకోర్టు న్యాయవాది, లాల్‌దర్వాజా దగ్గర మహిళా సంఘం నడుపుతున్న కార్యకర్త మనతో ఉన్నారు. అమ్మా, మీ గల్లీలో పోలీసంటే ఇప్పుడు భయమా, భరోసానా?

కార్యకర్త: రెండూ ఉన్నాయండీ. మా చిన్నతనంలో పోలీసులు కనబడ్డారంటే కర్ఫ్యూ పడిందనే లెక్క. 1990 డిసెంబరు గొడవలప్పుడు పాలప్యాకెట్ తేవాలన్నా సడలింపు ఎప్పుడిస్తారా అని చూసేవాళ్లం. మా అమ్మ తలుపు సందులోంచి చూసి, బూట్ల చప్పుడు దూరమయ్యాకే గడియ తీసేది. మా పిల్లలకు ఆ రోజులు తెలియవు. అది చిన్న మార్పు కాదు.

అధికారి: 2014 తర్వాత ఫ్రెండ్లీ పోలీసింగ్ అన్నారు. పెట్రోలింగ్‌కు కొత్త ఇన్నోవాలు వచ్చాయి, అదే ఏడాది అక్టోబరు 24న షీ టీమ్స్ మొదలయ్యాయి. మఫ్టీలో బస్టాపుల దగ్గర నిలబడి, వేధించేవాళ్లను వీడియో తీసి పట్టుకోవడం అప్పటిదాకా మాకు అలవాటు లేని పని. ఆడపిల్లలు ఫిర్యాదు చేయడానికి ముందుకు రావడం నేను కళ్లారా చూశాను.

వ్యాఖ్యాత: బస్తీని చుట్టుముట్టి ఇల్లిల్లూ సోదా చేసే కార్డన్ సర్చ్‌లు కూడా అప్పుడే పెరిగాయి కదా సార్?

అధికారి: అవును. వాటి మీద విమర్శలున్నాయని తెలుసు. కానీ 2015 జనవరిలో భవానీనగర్ సోదాల సంగతి మరిచిపోవద్దు. గాజుల కార్ఖానాల్లో రెండు వందల మందికి పైగా పిల్లలు దొరికారు. ఎక్కువ మంది బీహార్ పిల్లలే. ఇరుకు గదుల్లో పొద్దంతా కూర్చోబెట్టి పని చేయించారు. ఆ సోదా జరగకపోతే వాళ్లు ఇంకెన్నాళ్లు అక్కడే ఉండేవాళ్లో.

కార్యకర్త: సార్, అన్ని వందల మంది పిల్లలుంటే చుట్టుపక్కల వాళ్లకు ఒక్కరికైనా తెలియకుండా ఉంటుందా? తెలిసినా ఎవరికి చెప్పాలి? మాకు పేరు తెలిసిన పోలీసు ఒక్కడుంటే, అంత బలగం రాకముందే కబురు అందేది కదా.

న్యాయవాది: అసలు విషయం అదే. పిల్లలు దొరికారు కాబట్టి ప్రతి సోదా సరైనదే అనుకోవద్దు. ఒక ఇంట్లో సోదా చేయాలంటే కారణం రాసిపెట్టుకోవాలి, ఆ ప్రాంతం వాళ్లు ఇద్దరు సాక్షులుగా ఉండాలి. పోలీసులు సోదా, అరెస్టు ఎలా చేయాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీలో ఉన్న ఈ నియమాలు 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలోనూ ఉన్నాయి. బస్తీ మొత్తాన్ని చుట్టుముట్టి, నిద్ర లేపి ఆధార్ చూపించమంటే ఆ నియమాలు ఏమయ్యాయి? కోటీశ్వరుల కాలనీల్లో ఇలా ఎన్నిసార్లు చేశారు?

కార్యకర్త: మా సంఘంలో ఒకామె కొడుకు బండిని కాగితాలు లేవని తీసుకెళ్లారు. కాగితాలేమో ఫైనాన్స్ వాళ్ల దగ్గరున్నాయి. నాలుగు రోజులు పనికి పోలేదు. ఆ పిల్లాడు పోలీసులకు ఇక ఏ సమాచారమైనా చెప్తాడా?

వ్యాఖ్యాత: కెమెరాల సంగతి? వంద మంది గుమిగూడే చోట్లలో సీసీ కెమెరాలు పెట్టాలని 2013లోనే చట్టం వచ్చింది. ‘నేను సైతం’ పేరుతో కాలనీవాళ్లు కూడా చందాలేసుకున్నారు.

కార్యకర్త: మేమూ తలా వంద వేసుకున్నాం. మా మూల మీద కిరాణా షాపు పైన కెమెరా ఉంది. నిరుడు అక్కడే ఒక పెద్దావిడ మెడలో గొలుసు తెంపుకుపోయారు. మెడ చుట్టూ ఎర్రగా గీత పడింది, చేత్తో పట్టుకొని మెట్ల మీద కూలబడింది. కెమెరాలో చూద్దామంటే వానకు వైరు పోయి రెండు నెలలైందట. బాగు చేయించాల్సింది ఎవరో ఎవరికీ తెలియదు. స్టేషన్‌కు తీసుకెళ్తే సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెట్టారు. ఏ స్టేషనో చెప్పను గానీ, ఆ బెంచీ మాత్రం మరిచిపోలేను.

న్యాయవాది: వారెంటు లేకుండా అరెస్టు చేయదగ్గ నేరం జరిగిందని చెబితే ఎఫ్ఐఆర్ రాయాల్సిందేనని సుప్రీంకోర్టు 2013లోనే లలితా కుమారి కేసులో చెప్పింది. కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఈ పని సరిగా జరగని చోట ముఖాలు గుర్తుపట్టే కెమెరాలు పెట్టి ఏం లాభం? ఆ టెక్నాలజీ మీద హైకోర్టు 2022లో ప్రభుత్వానికి నోటీసులు కూడా ఇచ్చింది.

అధికారి: ఆ పెద్దావిడను అలా కూర్చోబెట్టడం తప్పే, సమర్థించను. అయితే జనంతో కలిసి పనిచేస్తే ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. 2023లో గణేశ్ నిమజ్జనం, ప్రవక్త జయంతి మిలాద్ ఒకే రోజున, సెప్టెంబరు 28న వచ్చాయి. డ్యూటీ అంటే ఏమిటో తెలిసిన మాకందరికీ టెన్షనే. మిలాద్ నిర్వాహకులు ఊరేగింపును అక్టోబరు 1కి మార్చుకున్నారు. మరుసటి ఏడాది కూడా సెప్టెంబరు 19కి జరిపారు. ఎన్ని కంపెనీల బలగాలు దింపితే అంత ప్రశాంతత వస్తుంది చెప్పండి?

కార్యకర్త: నిజమే సార్, వాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలి. కానీ శాంతి కమిటీ మీటింగుల్లో ఎప్పుడూ ఆ పెద్దమనుషులేనా? మా బోనాలకు ముందు మీటింగు పెడితే, బోనమెత్తే ఆడవాళ్లను ఒక్కరినీ పిలవరు. కిరాయికుండేవాళ్లను పిలవరు, కుర్రాళ్లను అసలే పిలవరు.

వ్యాఖ్యాత: మీ గల్లీలో గస్తీ తిరిగే బీట్ కానిస్టేబుల్ మీకు తెలుసా అమ్మా?

కార్యకర్త: ఒకతను ఉండేవాడు. లాక్‌డౌన్‌లో మా పక్కింటి తాతకు బీపీ గోళీలు తెచ్చిచ్చాడు. ఎవరింట్లో తాగి గొడవలవుతాయో, ఏ పిల్లాడు బడి మానేశాడో అతనికి తెలుసు. ఆడవాళ్లు రాత్రి పదకొండింటికైనా ధైర్యంగా ఫోన్ చేసేవాళ్లు. బదిలీ అయ్యాడు. కొత్తగా వచ్చినాయన బండి దిగకుండానే పోతున్నాడు. రేపు పొద్దున మా సంఘం ఆడవాళ్లం పోయి పిలుచుకొస్తాం. చాయ్ తాగిస్తూ ఇంటింటికీ తిప్పుతాం.